అక్క కంటి కొలత

అతన్ని చుట్టాలంతా 'రేపు' అంటారు. ఎదురుగా అనరు, అలాగని అతని చెవిన పడకుండా దాచిందీ లేదు. "రేపుని కూడా భోజనానికి పిలిచారా?" అని ఎవరైనా అంటే, అది మనిషి పేరేనని కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళకి కూడా వారం తిరక్కుండానే తెలిసిపోతుంది.

ఆ పేరు షాపుదాకా మాత్రం పోలేదు. అక్కడ అతను కళ్ళజోళ్ళాయన. సాయంత్రం ఇస్తానన్న జోడు సాయంత్రమే ఇస్తాడు. ముక్కు మీంచి జారే ఫ్రేమును అక్కడికక్కడే వేడిచేసి వంచి, మనిషి ముఖానికి పెట్టి చూసి గానీ పంపడు. ఇంటి గుమ్మంలో కాలు పెట్టగానే ఏమవుతుందో మరి, స్నానాలగది గడియ రేపు, ఫ్యాను రెగ్యులేటరు రేపు, కిటికీ తెర కడ్డీ రేపు. పరాయివాళ్ళకిచ్చిన మాట తలమీది బరువనీ, ఇంట్లోవాళ్ళకిచ్చిన మాట జేబులో వేసుకున్న రుమాలనీ అతని లెక్క అయి ఉంటుందని అతని భార్య అంటుంది. ఆవిడ ఆ మాట కోపంగా అనదు. కోపం వచ్చే వయసు ఆ విషయానికి ఎప్పుడో దాటిపోయింది.

ఆ రేపులన్నిటిలోకీ పొడుగైనది హాల్లో సోఫా వెనక పడుకుని ఉండేది. అదొక టెలిస్కోపు గొట్టం, అతనికంటే జానెడు పొడుగు. అందులో పెట్టాల్సిన అద్దాన్ని షాపు వెనక గదిలో తనే అరగదీశాడు. రెండు గాజు బిళ్ళల మధ్య రాపిడి పొడి, నీళ్ళు వేసి, ఖాళీ ఉన్నప్పుడల్లా ఒకదాన్ని ఇంకోదానిమీద తోస్తూ, వాటిని పెట్టిన పీపా చుట్టూ తిరుగుతూ, ఏళ్ళ తరబడి. మెరుపు పూత వేయించి కూడా రెండేళ్ళయింది. గుంట చాలా తక్కువున్న అద్దం కనక వెలుగు చాలా దూరం వెళ్ళి గానీ ఒకచోట కలవదు, అందుకే గొట్టం అంత పొడుగు. ఇలాంటి దాంట్లో ఆకాశం ఎక్కువ కనిపించదు. కనిపించిన కాస్తా పెద్దదిగా, స్పష్టంగా ఉంటుంది. చందమామకీ గ్రహాలకీ అదే కావాలి. గొట్టం కూర్చోవడానికి చెక్కపెట్టె, ఆ పెట్టె గుండ్రంగా తిరగడానికి పీట కూడా చేశాడు. అన్నీ చేశాడు, ఒకదానికొకటి బిగించడం తప్ప. భార్య ఆ గొట్టం మీద తువ్వాళ్ళు ఆరేసుకునేది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినా నాకు బాధలేదు" అనేది ఆవిడ. "ఆ ఎలుకేదో ఒక్కసారి కనిపిస్తే చాలు."

అంత పొడుగు గొట్టం ఎందుకు ఎంచుకున్నాడని అడిగిన వాళ్ళకి అతను లెక్కలు చెప్పేవాడు. అసలు సంగతి లెక్కల్లో లేదు. అది అతని అక్క సంగతి.

అక్క బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయింది. అతనికి పదేళ్ళు పెద్ద. తల్లి ఉద్యోగానికి వెళ్ళే ఇల్లు కనక తమ్ముణ్ణి పెంచిన చెయ్యి అక్కదే, నెత్తిన మొట్టిన చెయ్యీ అక్కదే. చిన్నప్పటినుంచీ సీసా అడుగులాంటి కళ్ళజోడు. మైనస్ పద్నాలుగు. ఒక వేసవిలో పక్కింటి పిల్లలు వాళ్ళ తాతగారి కళ్ళజోడుతో ఎండను పట్టి కాగితం కాల్చడం చూసి, ఇతను నిద్రపోతున్న అక్క కళ్ళజోడు ఎత్తుకుపోయాడు. ఎంతసేపు పట్టుకున్నా కాగితం కాలలేదు, అద్దం నీడే పడింది. అక్క లేచి, చెవి మెలిపెట్టి, ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. "తాతగారి అద్దం వెలుగును పోగుచేస్తుంది. నాది చెదరగొడుతుంది. నా కంటికి అలాంటిదే కావాలి, ఏం చేస్తాం." అతను అద్దాల పనిలోకి రావడానికి కారణం అదేనని అతనే చెప్పుకుంటాడు. ఇప్పుడు అక్క జోళ్ళన్నీ అతనే చేస్తాడు. వాటిని మాత్రం ఎప్పుడూ రేపటికి వాయిదా వెయ్యలేదు.

శనిగ్రహం బొమ్మని అక్క ప్రతి ఏడూ బోర్డు మీద గీసేది. గుండ్రటి బంతి, చుట్టూ వలయం. ఒకసారి ఎవరో పిల్ల లేచి, "టీచర్, మీరు చూశారా?" అని అడిగింది. అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. "లేదు. పుస్తకంలో ఉంది" అంది.  చూడనిదాన్ని చూసినట్టు ఇన్నేళ్ళు గీశానన్న బాధ ఆమెకి అప్పట్నుంచీ ఉండిపోయింది. ఎప్పుడో మాటల్లో తమ్ముడితో అంది. అతను, "నేను చూపిస్తానక్కా" అన్నాడు. అతని జుట్టు అప్పటికింకా నల్లగానే ఉంది.

కిందటేడు అక్క కుడికన్ను పోయింది. అంత మైనస్ ఉన్న కళ్ళలో వెనకపొర సాగి సాగి పలచనవుతుంది, ఏదో ఒకరోజు పిగులుతుంది. ఇప్పుడు ఎడమకంటి పొర ఒక అంచున లేవడం మొదలుపెట్టింది. పక్కనుంచి నల్లటి తెర జరుగుతున్నట్టుందని అక్క ఫోన్లో చెప్పగానే అతను వెళ్ళి తన ఇంటికి తీసుకొచ్చి, పెద్ద డాక్టరుకి చూపించాడు.

"రేపు పొద్దున్నే చేర్పించండి, ఎల్లుండి ఆపరేషన్" అన్నాడు డాక్టరు. "అప్పటిదాకా వంగకూడదు, స్టూళ్ళూ నిచ్చెనలూ ఎక్కకూడదు, మెట్లయినా మెల్లిగా, బరువెత్తకూడదు, తల విదిలించకూడదు. ఇలాంటి కళ్ళలో చాలావరకు బాగానే అతుక్కుంటుంది. ఒక్కోసారి..."

ఆయన అక్కడ ఆగిపోయాడు. అక్క చేతిసంచి సర్దుకుంటూ అంది: "వాక్యం పూర్తి చెయ్యండి డాక్టర్ గారూ. ఒక్కోసారి పోతుంది."

"అవునండీ" అన్నాడు డాక్టరు, క్లాసులో పట్టుబడ్డ పిల్లాడిలా.

ఇంటికొచ్చి అన్నాలు తింటున్నప్పుడు అక్క సోఫా వెనక్కి చూసింది. గొట్టం మీద రెండు తువ్వాళ్ళు, ఒక దిండుగలీబు ఉన్నాయి.

"నీ టెలిస్కోపు పూర్తయిందిరా?"

"అయిపోయినట్టేనక్కా. బిగించడమే. రేపు..."

ఆ మాట అతని నోట్లో అలాగే నిలబడిపోయింది. అక్క పెరుగు కలుపుకుంటూ, "రేపు నేను ఆసుపత్రిలో ఉంటానుగా" అంది. నిష్ఠూరంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

అతను సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. షాపు తియ్యలేదు. అలా షాపు మూయడం భార్య ఎప్పుడూ చూడలేదు కనక ఆవిడా ఏమీ అడక్కుండా గొట్టం మీది తువ్వాళ్ళు తీసేసింది.

మొదట అద్దాన్ని బీరువాలోంచి తీసి డాబా మీద నీడలో పెట్టాడు. గదిలో వేడెక్కిన అద్దం చీకటి పడేసరికి బయటి గాలంత చల్లబడాలి, లేకపోతే దాని మీద గాలి ఉడుకుతూనే ఉంటుంది, చూసేదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతుంది. తర్వాత పీట, పెట్టె పైకి చేరాయి. చివరికి గొట్టం. మెట్లు మలుపు తిరిగేచోట అది ఇరుక్కుంది. అతను కింద, భార్య పైన.

"నిలబెట్టండి."

"నిలబెడితే కప్పుకి తగుల్తుంది."

"అయితే పడుకోబెట్టండి."

"పడుకోబెడితే గోడకి తగుల్తుంది."

"మరి చేసేటప్పుడు మెట్లు ఉన్నాయని గుర్తులేదా?"

చివరికి చిన్నపిల్లని చంకనెత్తుకున్నట్టు ఏటవాలుగా తిప్పితే వచ్చింది. డాబా మీద పీటని చదునుగా సర్ది, దానిమీద పెట్టె, పెట్టెలో గొట్టం దించాడు. ఫిరంగిలా నిలబడింది. వేలితో తోస్తే కదిలి, వేలు తీస్తే ఆగాలి. అది కదిలింది గానీ ఆగలేదు, మరీ నున్నగా ఉంది. పెట్టె పీటకి ఆనేచోట ఉన్న ప్లాస్టిక్ ముక్కల్ని ఇంకొంచెం ఎడంగా జరిపాడు. ఇప్పుడు ఆగింది.

ఆ తర్వాత అద్దాల వరస కలపాలి. కింద పెద్ద అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, పక్కన కన్ను పెట్టే ఐపీసు, మూడూ ఒకదాని కళ్ళలోకి ఒకటి సూటిగా చూసుకోవాలి. అతను పైన రంధ్రంలోంచి చూస్తూ చెప్పడం, భార్య కింద మూడు మరల్లో ఒకదాన్ని తిప్పడం.

"కుడిపక్కది కొంచెం బిగించు. కొంచెమంటే కొంచెమే."

"మీ కొంచెం నాకు తెలీదు. ఎంతో చెప్పండి."

"పావు చుట్టు. ఆఁ, ఆగు. ఎక్కువైంది."

"మీరు చెప్పిన పావే తిప్పాను. మీ పావులోనే తేడా ఉంది."

పొద్దు వాలేసరికి వరస కుదిరింది. పడమట నాలుగో నాటి చంద్రుడు అప్పుడే తెల్లబడుతున్నాడు. అతను గొట్టాన్ని అటు తిప్పి, ఐపీసుని ముందుకీ వెనక్కీ జరిపే మర తిప్పి చూశాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటలు, గట్లు, ఒక గుంట నడుమ చిన్న శిఖరం, దాని కొన మీద మాత్రం ఎండ.  భార్యని పిలిచాడు. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని, ఒక కన్ను మూసుకుని చూసింది.

"సున్నం పెచ్చులూడిన గోడలా ఉంది" అంది. మళ్ళీ చూసింది. ఇంకాస్సేపు చూసి, "మరి ఇన్నాళ్ళూ దీనిమీద తువ్వాళ్ళెందుకు ఆరేయనిచ్చారు?" అంది. అతను మెట్ల స్టూలు తేవడానికి కిందికి దిగాడు.

చంద్రుడికి బాగా పైన, మెరవకుండా నిలకడగా ఒక చుక్క వెలిగింది. అతను స్టూలెక్కాడు. పొడుగు గొట్టంతో వచ్చే చిక్కు అదే, పైకి చూడాలంటే కన్ను పెట్టే చోటు మనిషిని దాటిపోతుంది. చుక్కని మధ్యకి తెచ్చి, ఫోకసు కుదిర్చాడు. అది ఉంది. బంతి, చుట్టూ వలయం, రెంటి మధ్య నల్లటి సందు. అక్క బోర్డు మీద గీసింది కాళ్ళూ చేతులూ మొలిచి ఆకాశంలోకి ఎక్కి కూర్చున్నట్టుంది.  అన్న మాట నిలబెట్టుకోబోతున్నానన్న సంతోషం అతనికి కొత్త. స్టూలు దిగుతూ రెండు మెట్లు ఒక్కసారే దిగి మోకాలు కొట్టుకున్నాడు.

అక్కని స్టూలెక్కించడానికి వీల్లేదు. శని కిందికి జారేదాకా ఆగాలి. జారుతూ జారుతూ పోతే పడమటి డాబా మీద పెద్ద నీళ్ళట్యాంకు ఉంది, దాని వెనక్కి పోతే పోయినట్టే. ఈ రెంటి మధ్యా దొరికే వ్యవధిలో చూడాలి. ఫర్వాలేదు, బోలెడు టైముంది అనుకున్నాడు. ఈలోగా చందమామను చూపించొచ్చు, అది అందేంత కిందే ఉంది.

అక్క కమ్మీ పట్టుకుని, మరదలి చెయ్యి పట్టుకుని మెల్లిగా పైకొచ్చింది. గొట్టాన్ని కిందినుంచి పైదాకా చూసి, "చెప్పినదానికంటే పెద్దదే చేశావు" అంది. ఆమె నోట అది మెచ్చుకోలే.

కళ్ళజోడుతోనే వంగకుండా నిలబడి ఐపీసు దగ్గర ముఖం పెట్టింది. జోడు అద్దం ఐపీసుకి టక్కున తగిలింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తగిలింది.

"తాళంచెవి రంధ్రంలోంచి చూసినట్టుంది. ఏదో తెల్లగా కదులుతోంది."

"జోడు తీసెయ్యక్కా. కన్ను దగ్గరగా ఆనాలి."

"తీస్తే నాకేం కనిపిస్తుందిరా?"

"ఫోకసు నేను సరిచేస్తాగా."

ఆమె జోడు తీసి చేతిలో పట్టుకుంది. కన్ను ఆనించింది. "మబ్బు పట్టింది" అంది.

"మబ్బు లేదక్కా." అతను మర లోపలికి తిప్పాడు. "ఇప్పుడు?"

"పిండిముద్ద."

ఇంకా తిప్పాడు. "ఇప్పుడు?"

"పిండిముద్దే. కాస్త చిన్నదైంది."

ఇంకా తిప్పబోయాడు. మర తిరగలేదు. అడుగు తగిలింది. ఇంకో చిన్న ఐపీసు, ఎక్కువ పవరుది, పెట్టి చూశాడు. దానికి అంత దూరం లోపలికి పోనక్కర్లేదు గానీ, అది మొదట్నుంచీ అడుక్కి ఆనుకునే పనిచేసే రకం. అక్కడా పిండిముద్దే.

అతనికి అర్థమైంది. అర్థమయ్యాక అతను మర మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు. మైనస్ కంటికి ఐపీసు లోపలికి పోవాలి. మైనస్ పద్నాలుగుకి చిటికెన వేలి మందమంత పోవాలి. ఇది అతనికి తెలియనిది కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గొట్టం కోసేటప్పుడు బయటికి జరగడానికి బోలెడంత చోటు వదిలాడు. లోపలికి అసలు వదల్లేదు. షాపుకొచ్చే వాళ్ళలో ముప్పాతిక మంది చదువు అద్దాలవాళ్ళు, ప్లస్‌వాళ్ళు. లెక్క వేసుకునేటప్పుడు అతని కళ్ళముందు వాళ్ళే మెదిలారు. ఎవరి కోసం గొట్టం చేస్తున్నాడో ఆ కన్ను మెదల్లేదు. అక్కని జోడు లేకుండా అతను ఎన్నడూ ఊహించుకోలేదు. తను చేసిచ్చిన జోడు పెట్టుకున్నాక ఆ కన్ను మామూలు కన్నే కదా అన్నది అతని ధీమా. దీపం కిందే చీకటి అంటారు, అది కళ్ళజోళ్ళవాడి ఇంట్లో ఇంకాస్త చిక్కగా ఉంటుంది కాబోలు.

"ఏమైందండీ?" అంది భార్య.

అతను చెప్పాడు. దాచలేదు. గొట్టం అడుగునుంచి వేలెడు కోస్తే సరిపోతుందని, దానికి రంపం, పని బల్ల, పగటి వెలుగు కావాలని కూడా చెప్పాడు. చెబుతూ పడమటికి చూశాడు. చుక్క కిందికి జారుతోంది. ఇప్పుడది స్టూలు లేకుండా అందే ఎత్తుకి వచ్చేసింది. నీళ్ళట్యాంకు దాని కిందే కూర్చుని ఉంది.

అక్క కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తమ్ముడి ముఖం కాసేపు చూసింది.

"పోనీలేరా" అంది. "రేపు చూద్దాంలే."

చిన్నప్పుడు లెక్కలు రేపు చేస్తానంటే పుస్తకం చేతికిచ్చి గోడవైపు కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఫీజు రసీదు రేపు తెస్తానంటే రాత్రికి రాత్రి బడి గుమస్తా ఇంటికి నడిపించిన మనిషి. అతను రేపన్న ప్రతిసారీ 'ఇవాళకేం రోగం' అన్నది ఆమె ఒక్కతే. ఆ మాట ఇప్పుడు ఆమే తీసి అతనికిస్తోంది, పడిపోయినవాడికి చెయ్యందించినట్టు. దాంట్లో వెక్కిరింపు రవ్వంత కూడా లేదు. అతనికి వెక్కిరించి ఉంటే బాగుండేదనిపించింది. ఇంతకుముందెప్పుడూ తన పేరు అతనికి ఇంత అసహ్యంగా వినిపించలేదు.

"రేపు లేదు" అన్నాడు.

గొట్టాన్ని పెట్టెలోంచి ఎత్తి చాపమీద పడుకోబెట్టాడు. ఐపీసు లోపలికి పోనంటే, వెలుగు కలిసే చోటునే బయటికి తేవాలి. అంటే అద్దాన్నే చిటికెన వేలంత ముందుకి జరపాలి. కొయ్యడం కుదరదు గానీ ఎత్తు పెట్టడం కుదురుతుంది. గొట్టం అడుగు పలక మరలు విప్పుతూ భార్యతో అన్నాడు: "అద్దం కింద మూడుచోట్ల దన్ను పెట్టాలి. మూడూ ఒకే మందం ఉండాలి. ఇంత." చిటికెన వేలు చూపించాడు.

ఆవిడ ఆలోచించింది. "సీసా బిరడాలు?"

"మెత్తన. కుంగుతాయి."

"చొక్కా గుండీలు దొంతరగా?"

"జారతాయి."

"క్యారమ్ కాయిన్లు?"

అతను మర విప్పే చెయ్యి ఆపి ఆవిడవైపు చూశాడు. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

"మా చిన్నప్పటి పెట్టెలో చూడమ్మా, అందులోవి మందంగా ఉంటాయి" అని అక్క వెనకనుంచి కేకేసింది. "ఎర్రదాని కోసం వెతక్కు. వీడు ఓడిపోయిన కోపంలో కిటికీలోంచి విసిరేశాడు."

కాయిన్లు వచ్చాయి. అతను జేబులోంచి అద్దాల మందం కొలిచే సాధనం తీసి ఒక్కొక్కటే పట్టి చూశాడు. ఆడి ఆడి కొన్ని అరిగాయి. ఒకే మందం ఉన్నవి మూడు దొరికాయి, రెండు నల్లవి, ఒకటి తెల్లది. షాపు సంచీలో రెండువైపులా అంటుకునే టేపు ఉంది. పలకమీది అద్దాన్ని అంచులు పట్టుకుని పైకి తీశాడు. టార్చి వెలుగులో దాని మీద ఒక చోట వేలిముద్ర కనిపించింది.

అతని చెయ్యి ఆగలేదు. జేబులో ఎప్పుడూ ఉండే మెత్తటి గుడ్డ బయటికొచ్చింది, నోరు అద్దం మీద ఆవిరి ఊదడానికి గుండ్రంగా తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి పదుల జోళ్ళు అలాగే తుడిచిన చెయ్యి అది. మామూలు జోడుకి అది సేవ. ఈ అద్దానికి మెరుపు పూత పైనే ఉంటుంది, ఒక్క తుడుపుకి గీతలు పడి పూత ఊడొస్తుంది. ఆ సంగతి ఈ రెండేళ్ళూ ఇంట్లో అందరికీ చెప్పి, బీరువాకి తాళం వేసింది కూడా అతనే.

భార్య అతని మణికట్టు పట్టుకుంది. "తాకొద్దని నాకు చెప్పారు. మీకు ఎవరూ చెప్పలేదా?"

అతను గుడ్డ ఆవిడ చేతికిచ్చేశాడు. వేలిముద్ర అలాగే ఉండిపోయింది. ఉన్నా చూపుకి అడ్డం కాదు.

కాయిన్లు అంటించి, వాటిమీద అద్దం కూర్చోబెట్టి, పక్క పట్టీలు ఆనేలా జరిపి, పలక బిగించి గొట్టాన్ని మళ్ళీ నిలబెట్టారు. అద్దాల వరస చెదిరిపోయింది, మళ్ళీ మొదటినుంచి. ఈసారి టార్చి వెలుగులో. అతను పైన, ఆవిడ కింద.

"ఎడమది. వదులు."

"ఎంత?"

"అర పావు."

ఆవిడ తిప్పింది. పగలంతా తిప్పి తిప్పి ఆవిడ వేళ్ళకి ఇప్పుడు అతని పావు ఎంతో తెలిసిపోయింది. మూడో మాటకి వరస కుదిరింది. పగలు పట్టిన దానిలో పదో వంతు టైము పట్టలేదు.

చుక్క ట్యాంకు అంచుకి జానెడు పైన ఉంది. అతను దాన్ని మధ్యకి తెచ్చి, మర అడుగుదాకా తిప్పి, కొంచెం వెనక్కి వదిలి, పక్కకి తప్పుకున్నాడు. అక్క జోడు తీసి మరదలి చేతికిచ్చింది. కన్ను ఆనించింది. మర మీద అతని చెయ్యి ఉంది.

"పిండి..." అంది. అతను వెంట్రుకవాసి తిప్పాడు.



తర్వాత ఆమె చేసిన మొదటి పని, కన్ను తియ్యకుండానే కుడిచెయ్యి చాపి గొట్టం మూతి ముందు అడ్డంగా ఊపడం. అటూ ఇటూ రెండుసార్లు ఊపింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నువ్వు బొమ్మేమైనా అంటించావేమోనని. ఎవరో కత్తిరించి పెట్టినట్టుంది."

"అంటించలేదు."

"తెలుస్తోంది. చెయ్యి అడ్డం పెడితే మసకేసింది." కొంచెం ఆగి, "మధ్యలో సందుంది. బంతికీ వలయానికీ మధ్య. నేను ఆనించి గీసేదాన్ని" అంది. ఆమె గొంతులో నిజమైన విచారం ఉంది. ఇంకాసేపటికి, "పారిపోతోందిరా. ఓరగా పోతోంది" అంది.

"అది కాదక్కా పోయేది. మనం తిరుగుతున్నాం. నెమ్మదిగా గొట్టాన్ని దాని వెంట జరుపు. తొయ్యకు, ఆనించి ఉంచు, అదే వస్తుంది."

ఆమె అరచెయ్యి గొట్టం మీద పెట్టింది. సుద్దముక్క పట్టి పట్టి మొద్దుబారిన చూపుడువేలు ముందుకి చాపుకుని, పసిపిల్లని జోకొట్టినంత మెల్లిగా జరిపింది. గొట్టం కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. "భూమి తిరుగుతుందని ముప్ఫై ఏళ్ళు చెప్పాను" అంది తనలో తను. "అర్ధంతరంగా ఎవరైనా రుజువడిగితే బంతీ దీపమూ చూపించేదాన్ని. నా చేతికి తెలియడం ఇదే మొదలు." నల్లటి తెర ఒక పక్కనుంచి ఉంటూనే ఉందట. కానీ మధ్యలో దాన్ని ముట్టుకోలేదట. అది కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

చివరికి ట్యాంకు అంచు గ్రహాన్ని కొరికింది. ఆమె చెయ్యి ఇంకొంచెంసేపు జరుపుతూనే ఉండి, ఆగింది. తల పైకెత్తింది.

అతను టార్చి కింద వైపు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ వెలుగులో అక్క ముఖం చూశాడు. జోడు ఇంకా మరదలి చేతిలోనే ఉంది. మైనస్ అద్దం వెనక కళ్ళు చిన్నవిగా కనిపిస్తాయి, ఎంత మందమైతే అంత చిన్నవిగా. షాపులో ఆడపిల్లలకి ఆ సంగతి తనే చెప్పి పలచటి అద్దాలు అంటగడుతుంటాడు. అయినా అక్కవి చింతగింజంత కళ్ళనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అవి పెద్దవి. వాళ్ళమ్మవంత పెద్దవి. తడిగా, ఎటూ నిలవకుండా, అతను ఎక్కడున్నాడో వెతుక్కుంటున్నాయి.

"ఇక్కడే ఉన్నానక్కా" అన్నాడు. జోడు తీసుకుని, గుడ్డ కోసం జేబు తడుముకుని, అది లేదని గుర్తొచ్చి, చొక్కా అంచుతో తుడిచి ఆమె చెవులకి తగిలించాడు. కళ్ళు మళ్ళీ చిన్నవైపోయాయి. అతనికి ఏడుపొచ్చింది, భార్య ఉందని కూడా చూడలేదు.

అక్క గొట్టాన్ని ఒకసారి తడిమి చూసింది. "ఆ కాయిన్లు పెట్టాక నీ కంటికి కనిపించదా ఇక?"

"కనిపిస్తుంది. బయటికి బోలెడు చోటుంది."

"అయితే తియ్యకు."

"తియ్యనక్కా."

ఆమె మరదలి చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచింది. మొదటి మెట్టు దగ్గర భార్య వెనక్కి తిరిగి అడిగింది: "ఈ గొట్టాన్ని ఇప్పుడే కిందికి తెస్తారా, రాత్రికి మంచు పడుతుందేమో."

"రేపు దించుతాను" అన్నాడు అతను, అలవాటు కొద్దీ. అని, నాలిక్కరుచుకున్నాడు.

"రేపు వద్దు" అంది అక్క కాలితో మెట్టు కోసం తడుముకుంటూ. "ఏదైనా కప్పి అక్కడే ఉంచు. నేనొచ్చేదాకా."

ఆమె ఒక్కో మెట్టే దిగింది. అతను హాల్లోంచి తువ్వాళ్ళన్నీ తెచ్చి గొట్టానికి చుట్టాడు.